పదేపదే ఆగిపోయే కంప్యూటరు: లోపం డ్రైవరులోనా, యంత్రంలోనా?

2024 జూలై 19, శుక్రవారం. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లవలసిన విమాన ప్రయాణికులకు ఆనాడు బోర్డింగ్ పాసులను కలంతో రాసి ఇచ్చారు. కౌంటర్ల వెనుక ఉన్న కంప్యూటర్లు నీలితెరతో నిలిచిపోయాయి. దేశంలోని అనేక విమానాశ్రయాల్లో అదే దృశ్యం. మరునాడు తెల్లవారుజామున 3 గంటల నుంచి వ్యవస్థలు మామూలు స్థితికి వస్తున్నాయని పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం లోక్‌సభ సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆ రోజు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఇంత కల్లోలానికి కారణం సైబర్ దాడి కాదు. కంప్యూటరులో అత్యంత లోతున పనిచేసే ఒకే ఒక డ్రైవరు ఒక తప్పుడు ఫైలును చదవడమే.

పెద్ద వ్యవస్థలకు ఎదురైన ఈ కష్టం చిన్న గదుల్లోనూ తరచు కనిపిస్తుంది. ఖరగ్‌పూర్ శివారులోని సాలువానే ఉదాహరణగా తీసుకుందాం. వైమానిక దళ కేంద్రం, ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన స్థావరం ఉన్న ప్రాంతమిది. పక్కనే రైల్వే పట్టణం. తరతరాల క్రితం ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఖరగ్‌పూరే సొంత ఊరు. రైల్వే, రక్షణ శాఖల విశ్రాంత ఉద్యోగులు ఏటా నవంబరులో జీవన ధ్రువీకరణ పత్రం సమర్పించాలి. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పథకం వచ్చాక ఈ పని వేలిముద్రతో, కంప్యూటరు మీదనే పూర్తవుతోంది. పెద్దలు వరుసలో కూర్చున్నారు. వేలిముద్ర యంత్రాన్ని తగిలించగానే కంప్యూటరు ఆగిపోయి, మళ్లీ మొదలవుతోంది. పది నిమిషాల్లో మళ్లీ అదే వరస. అప్పుడు సేవా కేంద్రం నడిపే యువకుడు ఏం చేయాలి?

సాధారణంగా ఇటువంటి సమయంలో వినిపించే సలహా ఒకటే: ‘ఫార్మాట్ కొట్టించండి.’ చాలా సందర్భాల్లో అది తొందరపాటు. లోపం జ్ఞాపకశక్తి పలకలో ఉంటే ఫార్మాట్ వల్ల ఫలితం శూన్యం. లోపం డ్రైవరులో ఉంటే, అదే డ్రైవరును మళ్లీ ఎక్కించినప్పుడు అదే లోపం తిరిగి వస్తుంది. పైగా ఫైళ్లతో పాటు, లోపానికి సంబంధించిన ఆధారాలు కూడా చెరిగిపోతాయి.

నీలితెర ఎందుకు వస్తుంది?

ఖరగ్‌పూర్ వాసులకు ఈ సంగతిని వివరించడం సులభం. ఇక్కడి జంక్షనులో 2017 నవంబరులో 800 మార్గాలను నియంత్రించగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ ప్రారంభమైంది. రైల్వే సిగ్నలింగులో మూలసూత్రం ఒకటే. పట్టాల స్థితి మీద సందేహం కలిగితే సిగ్నలు ఎరుపుకు మారాలి. బండి ఆలస్యమైతే నష్టం కొంతే. తప్పుడు పట్టాల మీదకు పోతే జరిగే అనర్థం అపారం.

విండోస్ నీలితెర కూడా అటువంటి ఎర్ర సిగ్నలే. వ్యవస్థ హృదయభాగాన్ని కెర్నల్ అంటారు. అక్కడ లెక్క తప్పిందని తెలిసిన మరుక్షణం విండోస్ తనంతట తానే పనిని ఆపివేస్తుంది. ఆపకుండా ముందుకు సాగితే పాడైన సమాచారాన్ని డిస్కు మీద రాసి, ఉన్న ఫైళ్లను కూడా చెడగొట్టే ప్రమాదముంది. ఆగేముందు కారణాన్ని ఒక సంకేతంగా తెర మీద చూపి, వివరాలను ఒక చిన్న ఫైలులో భద్రపరుస్తుంది. 2025లో విండోస్ 11కు వచ్చిన మార్పుతో ఈ తెర నలుపు రంగుకు మారింది గాని, చేసే పని అదే.

మామూలు అప్లికేషన్ చెడితే అదొక్కటే మూతపడుతుంది, మిగిలినవి నడుస్తాయి. డ్రైవరు చెడితే మొత్తం యంత్రం ఎందుకు నిలిచిపోతుంది? డ్రైవరు అంటే ఒక దుబాసీ. ప్రింటరు, వేలిముద్ర యంత్రం, గ్రాఫిక్స్ కార్డు దేని భాష దానిది. విండోస్ భాష వేరు. ఇద్దరి మధ్య మాట అందించేది డ్రైవరు. అయితే చాలా డ్రైవర్లకు కెర్నల్ లోపలే చోటు ఉంటుంది. అక్కడ అడ్డుగోడలు లేవు. ఒక దుబాసీ పొరపాటు చేస్తే సభ మొత్తం ఆగిపోవలసిందే. విండోస్ ఎక్స్‌పీలో నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో పేర్కొన్నారు. ఆ తరువాత డ్రైవర్లను ముందుగానే గణిత పద్ధతిలో పరీక్షించే సాధనాలు వచ్చాయి. వాటికి పునాది వేసిన మైక్రోసాఫ్ట్ పరిశోధకుల్లో థామస్ బాల్‌తో పాటు భారతీయుడు శ్రీరామ్ రాజమణి ఉన్నారు. పరిస్థితి ఎంతో మెరుగుపడింది. అయినా ప్రమాదం పూర్తిగా తొలగలేదని 2024 జూలై రుజువు చేసింది.

ఒకే నెల, రెండు పాఠాలు

ఆ జూలైలో రెండు ఉదంతాలు వెలుగు చూశాయి. మొదటిది డ్రైవరు లోపం, రెండవది యంత్ర లోపం.

మొదటిది క్రౌడ్‌స్ట్రైక్ సంస్థకు చెందిన ఫాల్కన్ రక్షణ సాఫ్ట్‌వేర్ ఉదంతం. భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఒక కొత్త ఫైలు కంప్యూటర్లకు చేరింది. అది 21వ అంశాన్ని చూడమని చెప్పింది. డ్రైవరు చేతికి అందినవి 20 అంశాలే. లేని 21వ అంశం కోసం డ్రైవరు తనది కాని జ్ఞాపకస్థానాన్ని చదవబోయింది. విండోస్ వెంటనే వ్యవస్థను నిలిపివేసింది. మళ్లీ మొదలు పెట్టినా ఆ ఫైలు అక్కడే ఉంది కనుక మళ్లీ అదే స్థితి. సంస్థ 78 నిమిషాల్లో ఫైలును వెనక్కు తీసుకుంది. కాని అప్పటికే పడిపోయిన కంప్యూటర్లు దిద్దుబాటును అందుకోగల స్థితిలో లేవు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ఒక్క ఫైలును తొలగించి, తిరిగి ప్రారంభించడమే పరిష్కారమైంది. ఎక్కువ భాగం యంత్రాల్లో ఇది మనిషి కూర్చుని చేయవలసిన పని. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా అవసరమైంది. ఇక్కడ చాలావరకు ఫార్మాట్ చేయవలసిన అగత్యం రాలేదు. దోషి ఎవరో తెలిసింది కనుక పరిష్కారం చిన్నదైంది.

రెండవది ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం. కొన్ని ఆటలు తెరిచినప్పుడు వీడియో మెమరీ చాలదంటూ సందేశం వచ్చి కంప్యూటర్లు ఆగిపోయేవి. సందేశాన్ని బట్టి చాలామంది గ్రాఫిక్స్ కార్డును, దాని డ్రైవరును అనుమానించారు. మార్చి చూశారు. ఫలితం లేకపోయింది. చివరకు ప్రాసెసర్లకు అవసరానికి మించి వోల్టేజీ అందడమే కారణమని ఇంటెల్ 2024 జూలైలో వెల్లడించింది. దిద్దుబాటు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లు సాఫ్ట్‌వేర్ దిద్దుబాటుతో బాగుపడవు, మార్చవలసిందే.

మొదటి ఉదంతంలో తెర చూపిన పేరే దోషి. రెండవదానిలో తెర చూపిన పేరు నిరపరాధి. కనుక సందేశాన్ని తప్పక చదవాలి, కాని దానినే తీర్పుగా భావించకూడదు. అది ఒక సాక్ష్యం మాత్రమే.

ముందు ఫైళ్లు, తరువాత పరీక్షలు

కంప్యూటరు కొద్దిసేపైనా నడుస్తుంటే మొట్టమొదట చేయవలసింది ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కుకు లేదా పెన్‌డ్రైవుకు నకలు తీయడం. పింఛను పత్రాలు, పిల్లల ధ్రువపత్రాలు, దుకాణం లెక్కలు, కుటుంబ చిత్రాలు ఏవైనా సరే. హార్డ్ డిస్కు నుంచి టిక్ టిక్ మనే శబ్దం వస్తుంటే ఏ పరీక్షా చేయకుండా ఆ నకలు ఒక్కటే తీయండి. అదీ సాధ్యం కాకపోతే యంత్రాన్ని ఆపి నిపుణులకు అప్పగించండి.

బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడ ఉందో ఇప్పుడే చూసుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో, యజమానికి తెలియకుండానే, డిస్కుకు ఈ తాళం పడి ఉంటుంది. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. దానిని ఒక కాగితం మీద రాసుకుని ఇంట్లో దాచుకోవడం మంచిది.

సాక్ష్యాలు సేకరించడం

ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. కంప్యూటరు ఆగిన ప్రతిసారీ ఈ విషయాలు రాయండి: తేదీ, సమయం, అప్పుడు చేస్తున్న పని, తెర మీద కనిపించిన స్టాప్ కోడ్, దాని కింద ఫైలు పేరు ఉంటే ఆ పేరు. ఫోనుతో ఒక ఫొటో తీసినా సరిపోతుంది. తెర క్షణంలో మాయమవుతుంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని ‘స్టార్టప్ అండ్ రికవరీ’ విభాగంలో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ఎదురుగా ఉన్న టిక్కును తీసివేయండి. అప్పుడు తెర నిలిచి ఉంటుంది.

చూడక తప్పించుకున్న తెరల వివరాలూ దొరుకుతాయి. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని టైపు చేస్తే రిలయబిలిటీ హిస్టరీ తెరుచుకుంటుంది. రోజువారీ పట్టికలో వైఫల్యం జరిగిన రోజున ఎర్ర గుర్తు ఉంటుంది. అదే పట్టికలో ఏ రోజు ఏ అప్‌డేట్ ఎక్కిందో కూడా కనిపిస్తుంది. ఎర్ర గుర్తులు ఏ రోజు నుంచి మొదలయ్యాయో, ఆ రోజున కొత్తగా వచ్చినదేమిటో పక్కపక్కన చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. గతసారి కంప్యూటరు సరిగా మూతపడలేదని మాత్రమే దానికి అర్థం. అది కారణం కాదు, ఫలితం. సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులో ‘మినీడంప్’ అనే చోట వైఫల్యాల ఫైళ్లు ఉంటాయి. వాటిని కూడా నకలు తీసి ఉంచితే నిపుణులకు ఎంతో ఉపకరిస్తుంది.

డ్రైవరా, యంత్రమా?

ఐదారు నమోదులు చేరాక ఒక క్రమం కనిపిస్తుంది.

ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవరును అనుమానించాలి. ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అనే కోడ్ తరచు ఈ కోవకే చెందుతుంది. ఒక పరికరం తగిలించినప్పుడే ఆగిపోవడం, అప్‌డేట్ వచ్చిన మరునాటి నుంచి మొదలవడం, సేఫ్ మోడ్‌లో మాత్రం నిలకడగా నడవడం కూడా డ్రైవరు వైపే వేలు చూపుతాయి.

ప్రతిసారీ వేర్వేరు కోడ్‌లు, వేర్వేరు ఫైళ్ల పేర్లు వస్తుంటే యంత్ర భాగాలను, ముఖ్యంగా జ్ఞాపకశక్తి పలకలైన ర్యామ్‌ను పరీక్షించాలి. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అనే కోడ్ పదేపదే వచ్చినా ర్యామ్ పరీక్ష అవసరమే. ‘అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అనే మాటతో ముగిసే కోడ్ వస్తే ప్రాసెసర్, వోల్టేజీ, వేడి వంటివాటిని చూడాలి. ఏ సందేశమూ లేకుండా దీపం ఆరినట్టు ఆగిపోతుంటే విద్యుత్ సరఫరాను, ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి. పెన్‌డ్రైవు నుంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపినా ఇదే జరుగుతుంటే లోపం దాదాపుగా యంత్రంలోనే ఉన్నట్టు.

ఒక హెచ్చరిక. తెర మీద ‘ఎన్‌టీఓఎస్‌కెఆర్‌ఎన్‌ఎల్’ అనే పేరు కనిపిస్తే అది విండోస్ కెర్నల్ పేరే. ప్రమాదం జరిగిన చోట ఉన్నంత మాత్రాన అది దోషి కాదు. దానిని తొలగించే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు.

డ్రైవరును సరిదిద్దే పద్ధతి

కీబోర్డు, మౌసు మినహా బయటి పరికరాలన్నీ తీసివేయండి. ఒక రోజు నడిపి చూడండి. నిలకడగా ఉంటే ఒక్కొక్కటిగా తిరిగి తగిలించండి. దేనితో లోపం తిరిగి వస్తుందో అదే మీ అనుమానితుడు.

డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ విభాగంలో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాత డ్రైవరు తిరిగి వస్తుంది. ఆ బొత్తాం పనిచేయని స్థితిలో ఉంటే డ్రైవరును తొలగించి, పరికరం తయారీదారు వెబ్‌సైటు నుంచి మీ విండోస్ వెర్షనుకు తగినదానిని తెచ్చుకోండి. అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో సరిచేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాములకు దూరంగా ఉండండి. అవి తప్పుడు డ్రైవర్లను, కొన్నిసార్లు వైరస్‌లను కూడా వెంట తెస్తాయి.

విండోస్ పూర్తిగా తెరుచుకోకపోతే, అది మొదలవుతున్నప్పుడే వరుసగా రెండు మూడు సార్లు పవర్ బొత్తాం నొక్కిపట్టి ఆపండి. మరుసటిసారి రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ నొక్కి, 4 అంకె ఎంచుకుంటే సేఫ్ మోడ్ తెరుచుకుంటుంది. చివరి అప్‌డేట్‌ను తొలగించే సదుపాయం, సిస్టమ్ రీస్టోర్ కూడా ఆ రికవరీ తెరలోనే ఉంటాయి. డ్రైవర్ వెరిఫయర్ అనే మరో సాధనం ఉంది. అది అనుమానిత డ్రైవర్లను ఉద్దేశపూర్వకంగా ఒత్తిడికి గురి చేస్తుంది. దానివల్ల కంప్యూటరు మొదలవకుండా పోయే అవకాశముంది కనుక అనుభవం లేనివారు వాడకపోవడమే మేలు.

యంత్ర భాగాలను పరీక్షించే పద్ధతి

మొదట ర్యామ్. స్టార్ట్ మెనూలో ‘విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్’ అని టైపు చేసి నడపండి. మరింత కఠిన పరీక్షకు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుంచి రాత్రంతా నడపవచ్చు. ఒక్క దోషం కనిపించినా ఆ ర్యామ్‌ను నమ్మరాదు. రెండు పలకలు ఉంటే ఒక్కొక్కదానిని విడిగా పెట్టి పరీక్షించండి. ర్యామ్ దోషాలు అరుదైనవని అనుకోనక్కరలేదు. గూగుల్ సంస్థ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏటా 8 శాతానికి పైగా ర్యామ్ పలకల్లో దోషాలు నమోదయ్యాయి. సర్వర్లలో అటువంటి దోషాలను సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. ఇళ్లలోని కంప్యూటర్లలో చాలావరకు అది ఉండదు.

తరువాత వేడి. దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు ప్రాసెసరును వేడెక్కిస్తాయి. మధ్యాహ్నం ఆగిపోయి, తెల్లవారుజామున చక్కగా నడిచే కంప్యూటరును ఈ కోణంలో చూడాలి. కరెంటు తీగ తీసివేసి, చేతితో ఒక లోహపు వస్తువును తాకి, మెత్తని బ్రష్షుతో దుమ్ము తుడవండి. మదర్‌బోర్డు మీద పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు కనిపిస్తే బోర్డుకు మరమ్మతు కావాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి. తీగ తీసిన తరువాత కూడా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాని బదులు మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి అరువు తెచ్చి మార్చి చూడడమే సరైన పరీక్ష.

ఆపై డిస్కు. దాని ఆరోగ్య స్థితిని తెలిపే స్మార్ట్ వివరాలను ఉచిత ప్రోగ్రాములతో చదవవచ్చు. అందులో హెచ్చరిక కనిపిస్తే మరమ్మతు ఆలోచన మాని, ఫైళ్లు దించుకుని డిస్కు మార్చండి. ప్రాసెసరునో, ర్యామ్‌నో నిర్ణీత వేగానికి మించి నడిపే అమరికలు బయోస్‌లో ఉంటే వాటిని మామూలు స్థితికి తెచ్చి చూడండి.

ఒక్కసారికి ఒక్క మార్పు

పై పరీక్షలన్నింటికీ ఒకే నియమం వర్తిస్తుంది: ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. డ్రైవరు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మూడూ ఒకే రోజున మారిస్తే కంప్యూటరు బాగుపడవచ్చు గాని, ఏది పాడైందో తెలియదు. మూడింటికీ సొమ్ము చెల్లించవలసి వస్తుంది. ఒక మార్పు, ఒకటి రెండు రోజుల పరిశీలన, పుస్తకంలో నమోదు. అప్పుడే తరువాతి మార్పు.

మరమ్మతు దుకాణానికి వెళ్లవలసి వస్తే ఆ పుస్తకాన్నీ వెంట తీసుకువెళ్లండి. ‘ఆగిపోతోంది’ అని చెప్పడం కన్నా, ‘వేలిముద్ర యంత్రం తగిలించిన పది నిమిషాలకు, ఈ కోడ్‌తో, ఈ నెలలో ఆరుసార్లు ఆగింది’ అని చెప్పడం ఎంతో మేలు. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మని అడగండి. వారంటీ తేదీ చూసుకోండి. ఫైళ్ల నకలు, మినీడంప్ నకలు తీసిన తరువాతే ఫార్మాట్‌కు అంగీకరించండి. ఫార్మాట్ ఎన్నడూ అవసరం లేదని కాదు, అది చివరి మెట్టు కావాలి.

సాలువా సేవా కేంద్రం ఉదాహరణకు తిరిగి వద్దాం. పరికరం తగిలించినప్పుడే యంత్రం ఆగిపోతోంది కనుక మొదటి అనుమానం దాని డ్రైవరు మీదే. పరికరం తీసివేసి చూడాలి. నిలకడగా నడిస్తే పాత డ్రైవరును తొలగించి, తయారీదారు ఇచ్చిన సరైన డ్రైవరును ఎక్కించాలి. అప్పటికీ ఆగిపోతే అదే పరికరాన్ని వేరొక కంప్యూటరుకు తగిలించి చూడాలి. అక్కడా ఆగిపోతే లోపం పరికరానిది, లేదా దాని డ్రైవరుది. అక్కడ చక్కగా పనిచేస్తే లోపం ఈ కంప్యూటరుది. ఈలోగా వరుసలో ఉన్న పెద్దలను ఉత్త చేతులతో పంపనవసరం లేదు. 2021 నవంబరు నుంచి ముఖ గుర్తింపు ద్వారా, స్మార్ట్‌ఫోనుతోనే జీవన ధ్రువీకరణ పత్రం సమర్పించే వీలుంది.

2024 నాటి అనుభవం తరువాత మైక్రోసాఫ్ట్ కూడా తన ఏర్పాట్లను మారుస్తోంది. రక్షణ సాఫ్ట్‌వేర్లు కెర్నల్ వెలుపల ఉండి పనిచేసేలా, మొదలవని కంప్యూటర్లకు దూరం నుంచే దిద్దుబాటు అందేలా చర్యలను అదే ఏడాది నవంబరులో ప్రకటించింది. అవి పూర్తిగా అందుబాటులోకి వచ్చినా ర్యామ్ పలకలు పాడవకుండా ఉండవు, ఫ్యాన్లకు దుమ్ము పట్టకుండా ఉండదు. ఎర్ర సిగ్నలు పడితే డ్రైవరు బండిని ఆపుతాడు, కారణం కనుక్కుంటాడు, ఆ తరువాతే కదులుతాడు. కంప్యూటరు ముందు కూర్చున్నవారికీ అదే వరస వర్తిస్తుంది.